జీపుకు జ్వరంపుల్ల

ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికల్లా మెకానిక్ హెబ్రోను జీపుకు మీటరు బిగిస్తాడు. ఎనిమిదికి నర్సు కరుణాకుమారి మంచుముక్కలు నింపిన ఫ్లాస్కులో టీకా మందు పెట్టుకుని నెల్లూరులో బయల్దేరుతుంది. పదిన్నరకు మైపాడు దాటి, ఇసుకలో నాలుగు మైళ్ళు ఉత్తరంగా పోయి, తాటితోపు పాలెం చేరుతుంది. ఫ్లాస్కులో మంచు కరిగేలోగా దొరికినంతమందికి మశూచి టీకాలు వేసి, సాయంత్రానికి ఇల్లు చేరుతుంది. ఇందులో పొరపాటుకు చోటెక్కడుంది చెప్పండి? అయినా జరిగింది. జరిగినందుకు ఆ పాలెంలో ఎవరికీ విచారం మాత్రం లేదు.

అది పందొమ్మిది వందల అరవై రెండు. ఎండలు ముదురుతున్నాయి. పాలేనికి మూడు మైళ్ళ దక్షిణాన ఒక ఊళ్ళో నలుగురు పిల్లలకు అమ్మవారు పోసిందన్న కబురు అప్పటికే వచ్చింది. అది విన్నప్పటినుంచి కరుణాకుమారికి తిండి సయించడం లేదు. టీకాల కోసం ఆ పాలేనికి ఆమె అప్పటికి మూడుసార్లు వెళ్ళింది. జీపు చప్పుడు వినబడగానే పాలెమంతా సరుగుడు తోపులోకి పరుగు! పొయ్యి మీద అన్నం ఉడుకుతూ ఉంటుంది, కలియబెట్టే మనిషి ఉండదు. వాళ్ళేమీ మొండివాళ్ళు కారు. ఆమె ఇచ్చిన మాత్రలు మింగుతారు, కట్టిన కట్టు విప్పరు. టీకా దగ్గరే పేచీ. అమ్మవారు తనంతట తాను రావాలి గానీ, సూదితో గీరి పిలవడమేమిటని వాళ్ళ వాదన.

"మూడుసార్లు కలిపి ఎంతమందికి వేశావమ్మా?" అని దవాఖానా నడిపే డాక్టరు సంజీవరావు గారు ముందురోజే అడిగారు.

"ఒకరికి సార్."

"ఎవరికి?"

"మన డ్రైవరు హజరత్తయ్యన్నకు. చూపించడానికి వేసినాను. చూసేవాళ్ళు లేరు."

డాక్టరు గారు మంచివారే, కానీ ఉన్నది ఒక్క జీపు. "రేపు కూడా ఇంతే అయితే జీపును ఉదయగిరి కొండల వైపు పంపించేస్తాను కరుణా. అక్కడన్నా మనుషులు నిలబడతారు" అన్నారు. జీపు పోతే ఆ ఇసుకలో నాలుగు మైళ్ళు మంచు ఫ్లాస్కు నెత్తిన పెట్టుకుని నడవాలి. పాలెం చేరేసరికి మిగిలేది గోరువెచ్చని నీళ్ళు.

ఇక మీటరు సంగతి. ఆ జీపు యుద్ధం అయ్యాక మిలిటరీవాళ్ళు వేలం వేసింది. హజరత్తయ్య దాన్ని కన్నకూతురిలా చూసుకునేవాడు. రెండు నెలల కిందట మైపాడు ఇసుకలో ఇంజను నూనె కాగి కాగి నీళ్ళలా పలచబడి, ఇంజను పట్టేసింది. నూనె పోయకుండా నడిపాడని ఊరంతా అతన్నే అంది. అతను రెండు రోజులు అన్నం ముట్టలేదు. "అది లోపల కాగిపోతా ఉంటే నాకు తెలిసేదెట్టా హెబ్రోనూ? దానికి నోరుందా?" అని షెడ్డులో కూర్చుని ఏడ్చాడు.

ఏ మాటకామాట చెప్పుకోవాలి, హెబ్రోను లాంటి మెకానిక్కు జిల్లాలో రెండోవాడు లేడు. షెడ్డులో పడుకుని, ట్రంకు రోడ్డు మీద పోతున్నది ఎవరి లారీయో, దాని ఏ గేరులో పన్ను విరిగిందో చెప్పేవాడు. హజరత్తయ్య ఏడుపును ఏడుపుగా వినలేదతను, పనిగా విన్నాడు. ఇంజను బాగుచేసి, మద్రాసు పోయి, పాతసామాన్ల బజారులో మూడు రోజులు తిరిగి, ఒక మిలిటరీ లారీ తుక్కులోంచి మీటరొకటి ఊడదీసుకొచ్చాడు.

"నీ బండికి నోరు తెచ్చినానన్నా!" అన్నాడు.

అరచేతిలో పట్టేంత గుండ్రటి డబ్బా, ఇత్తడి అంచు, అద్దం కింద ముల్లు. వంద నుంచి మూడొందల దాకా అంకెలు, రెండొందల యాభై దగ్గర ఎర్రగీత. వెనకనుంచి ఆరడుగుల సన్నని రాగి గొట్టం, దాని కొసన చిటికెనవేలంత బుడ్డి. బుడ్డి ఇంజను కిందుండే నూనె తొట్టిలో మునిగి ఉంటే, నూనె ఎంత కాగిందో ముల్లు డ్రైవరు కళ్ళముందు చూపిస్తుంది. అంతవరకు బాగానే ఉంది. తీరా బిగించబోతే బుడ్డి మర, తొట్టి మర కలవలేదు. లేతు మీద కొత్త మర పట్టించాలి. లేతాయన పెళ్ళికి కావలి పోయాడు.

"ఈరోజుకు తొట్టికి బయట ఆనించి తీగతో కట్టినా. లోపల పెట్టినంత కచ్చితంగా చూపించదు గానీ, అబద్ధం చెప్పదు" అని హెబ్రోను జీపు కిందనుంచి బయటికొచ్చాడు. "ఒక్కమాట అన్నా. ముల్లు ఎర్రగీత దాటిందా, ఉన్నపళంగా నిలిపెయ్యి. చల్లారిందాకా కదిలించొద్దు. ఈసారి పట్టేసిందంటే నావల్ల కాదు."

"దర్గా మీద ఒట్టు. గీత దాటితే అడుగు కదిలించను" అన్నాడు హజరత్తయ్య. దర్గాలో మొక్కుకుంటే పుట్టాడని తల్లి ఆ పేరు పెట్టింది. దర్గా మీద ఒట్టేశాడంటే తల తెగినా తప్పడు. కథంతా ఆ ఒట్టులోనే ఉంది.

మైపాడు దాకా ముల్లు బుద్ధిగా నూట ఎనభై దగ్గర నిలబడింది. హజరత్తయ్య మురిసిపోయాడు. మీటరుతో మాట్లాడాడు కూడా. పాలెం దగ్గరపడేచోట ఒక ఇసుకదిబ్బ మీదనుంచి జీపు ధబీమని దిగింది. దిగిన రెండు నిమిషాలకు ముల్లు లేచింది. రెండొందలు. రెండొందల ఇరవై. పాలెం నడిమధ్యకు, వలలు ఆరేసే చోటికి వచ్చేసరికి రెండొందల అరవై. హజరత్తయ్య ఇంజను ఆపి కిందికి దూకాడు.

పాలెంలో యథాప్రకారం ఎవరూ లేరు. ఒక్క ఆదిశేషమ్మ అవ్వ మాత్రం గుడిసె ముందు కూర్చుని వల కుడుతోంది. ఆమె ఎప్పుడూ పరుగెత్తదు. "నాకు అమ్మోరు చిన్నప్పుడే పోసింది. ఇంకేం చేస్తారు నన్ను?" అంటుంది. మొహం నిండా ఆ మచ్చలే. ఆమె కొడుకు చెంచురామయ్య ఆ పాలేనికి కాపు, అంటే పెద్ద. పెద్దరికం అతనిది, మాట ఆమెది.

"ఏంది నాయనా, బండి కూలబడింది?" అంది అవ్వ.

"ఒళ్ళు కాలిపోతా ఉందవ్వా! రెండొందల అరవై!" అన్నాడు హజరత్తయ్య.

అవ్వ చేతిలో వల జారింది. పోయినేడు ఆమె మనవడికి చలిజ్వరం వస్తే కరుణాకుమారి నోట్లో జ్వరంపుల్ల పెట్టి చూసి, నూట నాలుగని, ఇంకొక్కటి ఎక్కితే ప్రమాదమని చెప్పి, రాత్రంతా తడిగుడ్డలు వేస్తూ కూర్చుంది. ఆ లెక్క అవ్వకు బాగా గుర్తు.

"నూట నాలుక్కే నర్సమ్మ మొగం మాడిపోయింది గదరా! రెండొందల అరవైయా?" అంటూ లేచి వచ్చి, బానెట్టు మీద చెయ్యి వేసి, చురుక్కుమంటే తీసుకుంది. తర్వాత తేరిపార చూసింది. సముద్రపు ఉప్పుగాలికి ఆ జీపు రంగంతా బొబ్బలు బొబ్బలుగా లేచి ఉంది.

"ఈ పొక్కులు ఎన్నాళ్ళనుంచి?"

"మూడు నెల్లుగా..."

"మూడు నెల్లుగా ఒళ్ళంతా పొక్కులు పెట్టుకోనుంటే, దాన్ని ఎండలో తిప్పతా ఉండావా? నువ్వు మనిషివేనా?"

హజరత్తయ్య కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అతనికీ ఆ క్షణాన తను మనిషి కాననే అనిపించింది.

"అవ్వా, అది ఇనుము. ఇనుముకు అమ్మవారు రాదు" అంది కరుణాకుమారి.

"ఇనుమైతే జొరంపుల్ల ఎందుకు పెట్టినారు?"

కరుణాకుమారి నోరు తెరిచేలోగా అవ్వ పెద్దగా కేకేసింది. తోపు అంచున నక్కి చూస్తున్న చెంచురామయ్య పరుగున వచ్చాడు. ఆరడుగుల మనిషి, సొరచేపతో కలబడ్డవాడు. టీకా ఫ్లాస్కును చూసి తల్లి వెనక నిలబడ్డాడు.

"పోలేరమ్మ తల్లి ఊళ్ళోకి వచ్చుండాది. దురాయి వెయ్యి" అంది అవ్వ.

దురాయి అంటే పాలెం కట్టుబాటు. అమ్మవారు ఊళ్ళో ఉన్నంతసేపు లోపలివాళ్ళు బయటికి పోకూడదు, బయటివాళ్ళు లోపలికి రాకూడదు. బయటున్న పాలెంవాళ్ళు తప్పెట వినబడగానే పొలిమేర లోపలికి వచ్చి తీరాలి. దురాయి దాటినవాడికి పడవ ఎవరూ ఇవ్వరు, నిప్పు ఎవరూ ఇవ్వరు. తప్పెట మోగింది. తోపులోంచి ఒకరొకరే బయటికి వచ్చారు. ఆడవాళ్ళు, మగవాళ్ళు, చంకల్లో పిల్లలు. మూడు వారాలుగా తను ఇసుకలో వెంటబడి తరిమినా దొరకని మనుషులు తమ కాళ్ళ మీద తామే నడిచి వస్తుంటే, కరుణాకుమారి ఫ్లాస్కును గుండెకు హత్తుకుని చూస్తూ నిలబడిపోయింది.

వాళ్ళు వచ్చింది ఆమె కోసం కాదు, జీపు కోసం. వేపమండలు వచ్చాయి, బానెట్టు చుట్టూ కట్టారు. పసుపునీళ్ళు చల్లారు. తడిగోనెలు కప్పారు. చల్లబరచడమంటే హజరత్తయ్యకూ ఇష్టమే కాబట్టి తనూ ఒక చెయ్యి వేశాడు. అమ్మవారికి ఘాటు పడదని పాలెంలో తిరగమోత బందు. మస్తానమ్మ అనే కోడలు పిల్ల రాగి అంబలి తెచ్చి, ఎక్కడ పోయాలో తెలియక, జీపు ముందు చక్రం దగ్గర పెట్టి దండం పెట్టుకుంది. రెండు కుండల మజ్జిగ కూడా వచ్చింది. దాన్ని బండి కింద గొట్టాల మీద పోస్తే బుస్సుమని ఆవిరి లేచింది. జనం వెనక్కి జరిగి లెంపలేసుకున్నారు.

ముల్లు దిగింది! రెండొందల ముప్ఫై. రెండొందలు. నూట యాభై. హజరత్తయ్య ఒక్కొక్క అంకె చదువుతుంటే ఆడవాళ్ళు "చల్లగా దిగమ్మా తల్లీ" అన్నారు. కరుణాకుమారికి కూడా ఒక పక్కనుంచి ఊరట కలిగింది. ఆ పేదవాళ్ళు తమ పిల్లలకు లేని మజ్జిగ తెచ్చి ఎవరిదో బండికి పోస్తున్నారే అని ఇంకో పక్కనుంచి నొచ్చుకుంది.

"ఇంక స్టార్టు చెయ్యి అన్నా" అంది.

హజరత్తయ్య స్టార్టు చేశాడు. రెండు నిమిషాల్లో ముల్లు మళ్ళీ ఎర్రగీత దాటింది. ఆపాడు. మళ్ళీ వేపాకు, మళ్ళీ మజ్జిగ. ఇంకో గంటకు మళ్ళీ స్టార్టు. మళ్ళీ అంతే.

"తిరగబెట్టింది. తొందరపడితే ఇట్టనే అయితది. తొమ్మిది దినాలు కదిలించగూడదు" అంది అవ్వ.

"తొమ్మిది రోజులా! అన్నా, నువ్వన్నా చెప్పు" అని కరుణాకుమారి హజరత్తయ్య వైపు తిరిగింది.

"ఒట్టేసినా అమ్మగారూ. దర్గా మీద."

ఒంటిగంటన్నర అయింది. కరుణాకుమారి ఫ్లాస్కు మూత తీసింది. పొద్దున కొబ్బరికాయంత ఉన్న మంచు వక్కపలుకంత మిగిలింది. ఆమె ఎప్పుడూ కోప్పడే మనిషి కాదు. అప్పుడు మాత్రం ఆపుకోలేకపోయింది.

"అవ్వా, మూడుసార్లు చెప్పినాను, నాలుగోసారి చెప్తున్నా. బండికి అమ్మవారు రాదు. వచ్చేది పిల్లలకు. మూడు మైళ్ళ అవతల నలుగురు పసివాళ్ళకు వచ్చింది. అందులో ఒకడు నిన్న పోయినాడు. ఇనుముకు ఇంత సేవ చేస్తా ఉన్నారే, మీ బిడ్డల కోసం తెచ్చిన మందు ఈ ఫ్లాస్కులో ఇంకో రెండు మూడు గంటల్లో నీళ్ళైపోతుంది. నేను దేనికి మొక్కాలి?"

తప్పెట ఆగిపోయింది. ఆదిశేషమ్మ కాసేపు జీపు వైపు, కాసేపు మస్తానమ్మ చంకలోని పసిదాని వైపు చూసింది.

"నాకు అయిదుగురు పుట్టినారు నర్సమ్మా. ఇద్దురు ఒక్క వారంలోనే పోయినారు. ఇట్టనే వేపాకు కట్టినా, ఇట్టనే మజ్జిగ పోసినా" అంది నెమ్మదిగా. "అమ్మోరు వచ్చినాక ఏం చెయ్యాల్నో మాకు తెలుసు. రాకముందు ఏం చెయ్యాల్నో నీకు తెలుసంటా ఉండావు. నీ బండికి మేం చెయ్యాల్సింది చేసినాం. ఇంక మా బిడ్డలకు నువ్వు చెయ్యాల్సింది చెయ్యి." అని చెయ్యి చాచింది.

"నీకు అక్కర్లేదవ్వా. నీకు ఒకసారి పోసింది గదా."

"అక్కర్లేదని నాకు తెలుసులే. వాళ్ళకు తెలియాల గదా, చావనని!"

కరుణాకుమారి కళ్ళు తుడుచుకుని సూది తీసింది. అవ్వ తర్వాత చెంచురామయ్య వంతు. సొరచేపతో కలబడ్డ మనిషి కళ్ళు గట్టిగా మూసుకుని, "అయిపోయిందా? అయిపోయిందా?" అని ఆరుసార్లు అడిగాడు. అప్పటికి ఆమె ఇంకా చెయ్యి కడుగుతోంది. అది చూసి పిల్లలు పకపకా నవ్వారు. నవ్విన పిల్లలే వరసలో నిలబడ్డారు. దురాయి ఉంది కాబట్టి పారిపోదామనుకున్న నలుగురైదుగురికీ దారి లేకపోయింది.

ఈలోగా కబురు ఊరుకుంటుందా? పొలిమేర దగ్గర వెనక్కి పంపిన ఉప్పుబండివాడు మైపాడులో, నర్సమ్మ జీపుకు అమ్మవారు పోసిందని చెప్పాడు. మైపాడులో బస్సెక్కేసరికి కబురులోంచి జీపు దిగిపోయి నర్సమ్మ మిగిలింది. ఇందుకూరుపేటలో డ్రైవరు కూడా ఎక్కాడు. నెల్లూరు చేరేసరికి ఇద్దరికీ స్పృహ లేదు.

సంజీవరావు గారు అన్నం ముందునుంచి లేచి, హెబ్రోనును వెంటబెట్టుకుని, మైపాడు దాకా అద్దెకారులో, అక్కడనుంచి ఎద్దులబండిలో, నాలుగు గంటలకు పాలెం పొలిమేర చేరారు. అక్కడ అడ్డంగా మోకు కట్టి ఉంది, మోకు నిండా వేపమండలు. ఆయన బండి ఆగకముందే దిగేశారు.

"లోనకు రాగూడదు సార్. దురాయి" అన్నాడు కాపలా ఉన్న చెంచురామయ్య.

"నేను డాక్టర్నయ్యా! ఎట్లా ఉంది?"

"తగ్గింది సార్. రెండొందల అరవై ఉండె. ఇప్పుడు నూట ఇరవై. మజ్జిగ పోసినాం."

డాక్టరు గారు ఎద్దులబండి పట్టె పట్టుకున్నారు. "మాట... మాట్లాడుతోందా?"

"స్టార్టు చేస్తే మాట్లాడతది సార్. చెయ్యనియ్యడం లేదు మేము."

"బంగారంలాంటి పిల్ల! జీపు తీసేస్తానని నేనే తొందరపెట్టి పంపానయ్యా!" అని ఆయన నిజంగానే ఏడ్చేశారు. ఆ ఏడుపు విని కరుణాకుమారి సూది చేత్తో పట్టుకుని వచ్చింది. ఆమె మొహాన మచ్చ లేదు, చెమట ఉంది.

"సార్, మీరు ఏడవడం తర్వాత. నూట డెబ్భై రెండు అయినాయి. మందు ఇంకో పదిమందికి సరిపోతుంది, మీ మందులపెట్టెలోని దూదికట్ట ఇటు అందించండి" అంది.

సంజీవరావు గారు వరస చూశారు. భుజాలు చూశారు. వేపమండల కింద వెలిగిపోతున్న జీపును చూశారు. తర్వాత దూదికట్ట అందించి, మోకుకు అవతలే నిలబడి, ఆఖరి చెయ్యి అయ్యేదాకా వరస లెక్కపెట్టారు. "పన్నెండేళ్ళనుంచి నా దగ్గర ఎవరు పనిచేస్తున్నారో నాకు ఈరోజు తెలిసింది" అన్నారు చివర్లో. ఉదయగిరి మాట మళ్ళీ ఎత్తలేదు.

బండికి వైద్యం తెలిసినవాడని అవ్వ ఒక్క హెబ్రోనును మోకు దాటనిచ్చింది. అతను జీపు కిందికి దూరాడు. కాసేపటికి లోపలినుంచి నవ్వు వినబడింది.

"అన్నా, దిబ్బ మీదనుంచి దూకించినావా? తీగ జారి, బుడ్డి పోయి పొగగొట్టానికి అతుక్కుంది. పొగగొట్టం కాలక ఏం చేస్తది? ఇంజను చల్లగా లేత ముంజెకాయ మాదిరి ఉంది. పొద్దుననుంచీ దీనికి ఏమీ కాలేదు!" అని మజ్జిగ మరకల మొహంతో బయటికొచ్చాడు. హజరత్తయ్య ఉత్త నేల మీద కూలబడి, నవ్వాలో ఏడవాలో తెలియక, ముందు చక్రాన్ని నిమిరాడు.

హెబ్రోను బుడ్డిని మళ్ళీ నూనె తొట్టికి కట్టడానికి స్పానరు తీసుకున్నాడు. ఇదంతా విన్న ఆదిశేషమ్మ మొహం ఏమాత్రం మారలేదు. కరుణాకుమారికి అనుమానం వచ్చింది.

"అవ్వా, నిజం చెప్పు. ఇనుముకు అమ్మవారు వచ్చిందని నువ్వు నిజంగానే అనుకున్నావా?"

"చదువుకున్నోళ్ళు మీరు దానికి జొరంపుల్ల పెట్టి, అంకెలు చదివి, ఎండలో నిలబడి బాధపడతా ఉంటే, చదువులేనిదాన్ని నేను కాదంటానా?" అంది అవ్వ వల చేతిలోకి తీసుకుంటూ. రెండు ముళ్ళు వేసింది. తర్వాత గొంతు తగ్గించింది. "దురాయి వెయ్యందే మావోళ్ళు తోపులోంచి వస్తారా నర్సమ్మా? సరే గానీ, దక్షిణప్పాలెంలో మా చెల్లెలు సామ్రాజ్యం ఉండాది. ఆడ గూడా మిమ్మల్ని చూస్తే ఒక్కురూ నిలబడరంట. నీ బండికి మళ్ళా ఎప్పుడొస్తది జొరం?"

కరుణాకుమారి హెబ్రోను వైపు చూసింది. హెబ్రోను పొగగొట్టం వైపు చూశాడు. తర్వాత స్పానరును సంచిలో పెట్టేశాడు.